టావెనర్ చేసింది ఫ్యూజన్ కాదు

తూర్పు భక్తి సంగీతాన్నీ ఇంగ్లండు చర్చిల బృందగానాన్నీ కలిపి ఫ్యూజన్ చేసిన స్వరకర్త. జాన్ టావెనర్‌ని పరిచయం చెయ్యాల్సి వస్తే చాలామంది ఈ ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటారు. దాని వెనకే ఇంకో రెండు వస్తాయి. ఆయన సంగీతం అలసిన మనసుకు హాయినిచ్చే తేలిక సరుకని ఒకటి, చివరికి క్రైస్తవం వదిలి మన వేదాంతానికి వచ్చేశాడని ఇంకొకటి. సభల్లో రసికుల నోట విన్నాను, పరిచయ వ్యాసాల్లో చదివాను. మొదటి మాట ఆయన పనిని తప్పుగా చూపిస్తుంది. రెండోది దాన్ని చిన్నబుచ్చుతుంది. మూడోది జరిగినదానికి పూర్తిగా విరుద్ధం. వీటిని ఖండించి తీరాలని నాకు గట్టిగా ఉంది. ఇవి నమ్మి కూర్చున్న శ్రోత చెవిన పడుతున్న పాటను వినడు, ముందే తలకెక్కించుకున్న మాటనే వింటాడు.

ముందు ఆయన తూర్పు ఎక్కడుందో చూడాలి. టావెనర్ 1944లో లండన్‌లోని వెంబ్లీలో పుట్టాడు. ప్రెస్బిటేరియన్ కుటుంబం. కుర్రతనంలోనే కెన్సింగ్టన్‌లో ఒక ప్రెస్బిటేరియన్ చర్చికి ఆర్గన్ వాయించేవాడు. రాయల్ అకాడెమీ ఆఫ్ మ్యూజిక్‌లో లెనాక్స్ బర్క్లీ దగ్గర చదువుకున్నాడు. 1977లో రష్యన్ ఆర్థడాక్స్ చర్చిలో చేరాడు. అంటే ఆయన నడిచి వెళ్లిన తూర్పు కాన్‌స్టాంటినోపుల్, ఆథోస్ కొండ, కీవ్, మాస్కో. కాశీ, కంచి ఆ దారిలో లేవు. అక్కడి ఆరాధనలో ఆర్గన్ ఉండదు, వాద్యమే ఉండదు, మనిషి గొంతు ఒక్కటే. గ్రీకుల దగ్గర పాటలన్నీ ఎనిమిది స్వర పద్ధతులకు లోబడి ఉంటాయి. ఒకే బాణీని అందరూ పాడతారు. దాని అడుగున కొన్ని గొంతులు ఒకే స్వరాన్ని ఊపిరి తెగకుండా పట్టి ఉంచుతాయి, దాన్ని ఐసన్ అంటారు. రష్యాలో పాతకాలపు జ్నమెన్నీ గానం ఇంకా కటువుగా ఉంటుంది, ఒక్క బాణీ, మగ గొంతులు, అంతే.

ఐసన్ అనగానే మన శ్రోతకు తంబూరా గుర్తొస్తుంది. ఆ పోలిక కొంత దూరమే నడుస్తుంది. తంబూరా శ్రుతి కచేరీ మొదలు మంగళం దాకా ఒక్కచోటే నిలబడుతుంది. గ్రీకు గానంలో బాణీ తన స్థానం మార్చుకుంటే ఐసన్ పట్టినవాళ్లు కూడా స్వరం మారుస్తారు. ఇంత చిన్న తేడాని పట్టించుకోనివాళ్లే ‘టావెనర్ మన శ్రుతి తీసుకున్నాడు’ అనేస్తారు. ఆయన తీసుకున్నది తను చేరిన ఆర్థడాక్స్ సంప్రదాయంలో తరతరాలుగా పాడుతున్న పద్ధతిని.

ఇక ఫ్యూజన్ సంగతి. శక్తి బృందాన్ని విన్నవాళ్లకు అదేమిటో విడమర్చి చెప్పనక్కర్లేదు. జాన్ మెక్లాఫ్లిన్ గిటార్ ఒక ప్రశ్న వేస్తుంది, ఎల్. శంకర్ వయొలిన్ జవాబిస్తుంది, జాకీర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం ఆ సంభాషణని పరుగెత్తిస్తాయి. రెండు సంప్రదాయాలు ఎవరి ముఖం వాళ్లు నిలుపుకుని ఎదురెదురుగా కూర్చుంటాయి. అది గొప్ప సంగీతమే. కానీ టావెనర్ దగ్గర అలాంటి సంభాషణ ఎక్కడా జరగదు.

‘సాంగ్ ఫర్ అథీనీ’ వినండి. 1993లో రాశాడు, సైకిల్ ప్రమాదంలో చనిపోయిన ఒక యువతి స్మృతికి. 1997 సెప్టెంబర్ 6న యువరాణి డయానా అంత్యక్రియల్లో, శవపేటికను వెస్ట్‌మినిస్టర్ ఆబీ నుంచి బయటికి తీసుకువెళ్తున్నప్పుడు మార్టిన్ నియరీ నడిపించిన కోయర్ పాడింది దీన్నే. ప్రపంచంలో చాలామంది ఆయన పేరు విన్నది ఆ రోజే. అడుగున బేస్ గొంతులు ఎఫ్ స్వరాన్ని పట్టి మొదటి నుంచి చివరి దాకా వదలవు. ఆ ఎఫ్‌ని షడ్జం అనుకుంటే, పైన పాట ఒకసారి అంతర గాంధారంతో వెలుగుతుంది, ఇంకోసారి సాధారణ గాంధారంతో చీకటిపడుతుంది. పడమటివాళ్లు మేజర్, మైనర్ అనేది ఆ ఒక్క గాంధారం మార్పునే. చరణానికీ చరణానికీ మధ్య అల్లెలూయా వస్తుంది. సాహిత్యం మదర్ థెక్లా కూర్చింది. ఆమె ఉత్తర యార్క్‌షైర్‌లో ఒక చిన్న ఆర్థడాక్స్ మఠానికి పెద్దగా ఉండేది. కొన్ని మాటలు షేక్‌స్పియర్ హామ్లెట్ నుంచి, కొన్ని ఆర్థడాక్స్ అంత్యక్రియల ప్రార్థనల నుంచి తీసుకుంది.

ఇందులో తూర్పు ఎక్కడ ఆగింది, పడమర ఎక్కడ మొదలైంది? ఐసన్ తూర్పుదే, దాన్ని పట్టినవాళ్లు మాత్రం ఆంగ్లికన్ కోయర్ మగవాళ్లు. పైన వినిపించే ఆ పలచని, వణుకులేని పిల్లల గొంతు ఇంగ్లండు కథీడ్రల్ పాఠశాలల్లో తరతరాలుగా దిద్దిన గొంతు. పాట ఉబికి పైకి లేచే చోట వినిపించే నిండు స్వరమేళనం గ్రీకు చర్చిలో వినపడదు. అయినా అది ఐసన్ మీదే నిలబడింది, ఐసన్ తీసేస్తే కూలిపోతుంది. విడదీయడానికి రెండు భాగాలే లేని పనిని కలగలుపు అనడం చెవి పెట్టి వినకపోవడమే.

మరి తూర్పు ఆయనకు ఏమిచ్చింది? నా దృష్టిలో అది క్రమశిక్షణ ఇచ్చింది. బీథోవెన్ నుంచి ఇటు పడమటి స్వరకర్త పనంతా ఒక ఇతివృత్తాన్ని తీసుకుని దాన్ని పెంచడం, తెంచడం, ఘర్షణ పెట్టడం, గెలిపించడం. ఐకాన్, అంటే ఆరాధనకు వాడే పవిత్ర చిత్రం, చిత్రించే సన్యాసి అలా చెయ్యడు. ఉపవాసం ఉంటాడు, ప్రార్థన చేస్తాడు, ముందు తరాలు గీసిన రూపాన్నే మళ్లీ గీస్తాడు, తన సొంత భావోద్వేగాన్ని పక్కన పెడతాడు. టావెనర్ తన రచనలను ధ్వనిలో గీసిన ఐకాన్లుగా భావించాడు. అందుకే ఆయన పాట ఎక్కడికీ ప్రయాణించదు. ఒకచోట నిలబడి చూపిస్తుంది. 1984లో టాలిస్ స్కాలర్స్ కోసం రాసిన ‘ఐకాన్ ఆఫ్ లైట్’లో సెయింట్ సిమియోన్ గ్రీకు ప్రార్థనని జంట కోయర్ పాడుతుంటే, దూరంగా మూడు తంత్రీ వాద్యాలు ఆత్మ ఆరాటాన్ని పలుకుతాయి. గ్రీకు బాణీ అతికించిన చోటు అని వేలు పెట్టి చూపించగల భాగం ఏదీ ఆ రచనలో నాకు దొరకలేదు. తూర్పు అక్కడ అలంకారంగా లేదు, రచన నడిచే తీరులోనే ఉంది.

ఇంకో సంగతి కూడా మరుగున పడుతోంది. తూర్పు చర్చి సంగీతాన్ని పడమటి స్వరమేళనంతో కలిపే పని ఇంగ్లండులో టావెనర్‌తో మొదలవలేదు. దాన్ని రష్యావాళ్లు తమ ఇంట్లోనే, రెండు వందల ఏళ్ల ముందే చేశారు. ద్మిత్రీ బోర్త్న్యాన్‌స్కీ 1769 నుంచి పదేళ్లు ఇటలీలో చదువుకుని వచ్చి, తరవాత పీటర్స్‌బర్గ్ రాజాస్థాన గాయక బృందాన్ని నడిపాడు, రష్యన్ ప్రార్థనలకు ఇటాలియన్ సొగసు తొడిగాడు. చైకోవ్‌స్కీ 1878లో సెయింట్ జాన్ క్రిసోస్టమ్ ఆరాధనకు సంగీతం కట్టాడు. 1915లో రాఖ్మానినోవ్ ‘ఆల్ నైట్ విజిల్’ వచ్చింది, పాత గానాల మీద కట్టిన మహాసౌధం అది. టావెనర్‌కి ఈ దారి సిద్ధంగా ఉంది, ఆ దారినే పోయి ఉండొచ్చు కూడా. ఆ నిండు సొగసుని వదిలి ఐసన్ దగ్గరికీ ఒంటి బాణీ దగ్గరికీ వెనక్కి నడిచాడు. కలపడానికి వచ్చినవాడు చేసే పనేనా ఇది? ఎక్కువ కలిసిపోయినదాన్ని విడదీసి పాతదాన్ని బయటికి తీసే ప్రయత్నం అది.

తెలుగు పాఠకుడికి ఇది అర్థం కాని విషయమేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి క్రీస్తు మీద కర్ణాటక రాగాల్లో కీర్తనలు కట్టాడు. ఇప్పటికీ తెలుగు చర్చిల్లో పాడుతున్నారు. వాటిని ఎవరైనా ఫ్యూజన్ అంటారా? ఆ కవికి రాగం బయటి నుంచి తెచ్చుకున్న వస్తువు కాదు కాబట్టి అనం. టావెనర్‌కి బాణీ పుట్టుకతో రాలేదు, ముప్పై ఏళ్లు దాటాక నేర్చుకున్నాడు. కానీ నేర్చుకున్నది కచేరీ కోసం కాదు, మోకరిల్లడం కోసం. ఆ తేడాని గౌరవించాలి.

ఇంగ్లండులోనే గుస్తావ్ హోల్స్ట్ ఉన్నాడు. తూర్పు మీద మనసుపడి సంస్కృతం నేర్చుకున్నాడు. ఋగ్వేద సూక్తాలను తనే ఇంగ్లీషులోకి తెచ్చుకుని 1908, 1912 మధ్య నాలుగు వరుసల బృందగానాలు కట్టాడు, సావిత్రి కథని ఒపేరా చేశాడు. మాట మనది, సంగీతం మాత్రం పూర్తిగా హోల్స్ట్‌ది. అందులో వేదస్వరం కోసం వెతికితే నిరాశే మిగులుతుంది. టావెనర్ దారి వేరు. ఇంగ్లీషు కవి విలియమ్ బ్లేక్ మాటలు తీసుకున్నప్పుడు కూడా ఆయన సంగీతం నిశ్చలంగా తూర్పు చర్చి గడప మీదే నిలబడి ఉంటుంది. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టి ‘తూర్పు మోజు పడ్డ ఇంగ్లీషువాళ్లు’ అని రాసినప్పుడు ఇద్దరికీ అన్యాయం జరుగుతోంది.

బ్లేక్ పేరు వచ్చింది కాబట్టి తేలిక సరుకన్న రెండో ఆరోపణకు అక్కడి నుంచే జవాబు చెబుతాను. బ్లేక్ కవిత ‘ద ల్యాంబ్’కు టావెనర్ 1982లో సంగీతం కట్టాడు, తన కుటుంబంలో మూడేళ్లు నిండుతున్న ఒక బాలుడి పుట్టినరోజుకి. ఆ ఏడు క్రిస్మస్ ముందు రోజు కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీ చాపెల్‌లో పాడారు. అప్పటి నుంచి ఊరూరి కోయర్లూ పాడుతూనే ఉన్నాయి. ‘ఎంత తేలికో, జోలపాటలా ఉంది’ అంటారు. సరే, ఆ జోలపాట ఎలా కట్టాడో చూద్దాం.

జి స్వరాన్ని షడ్జం అనుకోండి. మొదటి పాదం సోప్రానోలు ఒక్కరే పాడతారు: స గ రి ని స. అంతర గాంధారం, చతుశ్రుతి రిషభం, మంద్రంలో కాకలి నిషాదం. రెండోసారి అదే పాదం వస్తుంది, ఈసారి కింద ఆల్టోలు చేరతారు. వాళ్లు పాడేది సోప్రానోల పాదానికి అచ్చంగా అద్దంలో ప్రతిబింబం. వాళ్లు ఎంత మెట్టు పైకెక్కితే వీళ్లు అంతే మెట్టు కిందికి దిగుతారు. స, మంద్రంలో శుద్ధ ధైవతం, కైశికి నిషాదం, తిరిగి పైకి వచ్చి శుద్ధ రిషభం, స. మూడో పాదంలో ఏడు స్వరాలు: స గ రి ని, వెంటనే ఆ ప్రతిబింబంలోని ధ ని రి. నాలుగో పాదం ఆ ఏడింటినే చివరి నుంచి మొదటికి వెనక్కి చదువుతుంది. ఒకే వరుసలో రెండు రిషభాలు, రెండు నిషాదాలు. మన లెక్కలో ఇది ఏ రాగానికీ ఒదగదు. తలకిందులు చెయ్యడం, వెనక్కి నడపడం ఇరవయ్యో శతాబ్దంలో షోన్‌బర్గ్ సంప్రదాయం వాడిన పనిముట్లు. ఆ తరవాతే నాలుగు గొంతులూ కలిసి నిండుగా, సరళంగా పాడతాయి. అంతదాకా కలిగిన కలవరం అక్కడ తీరుతుంది. వింటున్నవాడు హాయి అంటున్నది ఆ తీరడాన్ని. కలవరం లేకుండా ఆ హాయి వచ్చేది కాదు.

పాడేవాళ్లని అడిగితే ఇది తేలికో కాదో చెబుతారు. తాళం గుర్తు లేదు, మాటల నడకే నడక. వాద్యం తోడు లేదు. సోప్రానో, ఆల్టో ఒకరినొకరు గుచ్చుకునే స్వరాల మధ్య శ్రుతి జారకుండా నిలబడాలి. నెమ్మదిగా, మెల్లగా పాడుతున్నప్పుడు తప్పు దాచుకోవడానికి చోటే ఉండదు.

ఆయనకు కష్టమైనది రాయడం చేతకాదనుకునేవాళ్లకు ‘ద వేల్’ ఉంది. 1966లో, ఇరవై రెండేళ్ల వయసులో రాశాడు. 1968 జనవరిలో లండన్ సిన్ఫొనియెట్టా తొలి కచేరీలోనే వినిపించారు. యోనా కథ అది. తిమింగిలం గురించి విజ్ఞాన సర్వస్వంలో రాసింది చదవడంతో మొదలై, మెగాఫోన్ల కేకల దాకా పోతుంది. బీటిల్స్‌వాళ్ల ఆపిల్ రికార్డ్స్ దాన్ని 1970లో విడుదల చేసింది. ఆనాటి ఆధునికుల ఆయుధాలన్నీ ఆయన చేతిలో ఉన్నాయి. తెలిసి దించేశాడు. చేతకాక ఊరుకోవడం వేరు, చేతనై మానుకోవడం వేరు.

‘పవిత్ర మినిమలిజం’ అనే చీటీ ఎలా అంటుకుందో కూడా చెప్పాలి. 1992లో పోలండు స్వరకర్త హెన్రిక్ గొరెత్స్కీ మూడో సింఫొనీ రికార్డు వచ్చి పది లక్షలకు పైగా అమ్ముడైంది. ఆ సింఫొనీ రాసింది 1976లో. ఎస్తోనియాలో ఆర్వో పార్ట్ తన గంటల నాదం లాంటి పద్ధతిని రూపుదిద్దుకున్నది కూడా 1976లోనే. ఒకరు కాథలిక్, ఒకరు సోవియట్ పాలనలో ఆర్థడాక్స్ అయినవాడు, ఒకరు ఇంగ్లీషు ప్రెస్బిటేరియన్ ఇంట్లో పుట్టినవాడు. ముగ్గురి పద్ధతులు వేరు. నెమ్మదిగా ఉంటుంది, దేవుడి మాట ఉంటుంది, అమ్ముడవుతోంది: ముగ్గురినీ ఒక అరలో పెట్టడానికి అంగడికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. అంగడి చీటీని విమర్శకులు విమర్శగా వాడుకోవడమే అభ్యంతరం. స్టీవ్ రైక్, ఫిలిప్ గ్లాస్‌ల మినిమలిజం లయ మీద నడుస్తుంది, చిన్న నమూనా కొద్దికొద్దిగా మారుతూ పోవడం మీద నడుస్తుంది. టావెనర్ ‘ద ప్రొటెక్టింగ్ వీల్’లో ఆ లయ ఎక్కడుంది? 1989లో ప్రామ్స్‌లో స్టీవెన్ ఇసర్లిస్ మొదటిసారి వాయించిన ఆ రచనలో సెల్లో నలభై నిమిషాలకు పైగా విరామం లేకుండా పాడుతుంది. అది దేవమాత గొంతు. చాలాభాగం సెల్లోకి అలవాటు లేని పైస్థాయిలో సాగుతుంది. నడుమ సిలువ దగ్గర ఆమె శోకం వస్తుంది, అక్కడ తోడు తంత్రులన్నీ ఆగిపోయి సెల్లో ఒంటరిగా ఏడుస్తుంది. దాన్ని నిద్రపట్టించే సంగీతం అనేవాళ్లు ఆ శోకం వచ్చేదాకా వినలేదని నా నమ్మకం.

మూడో మాట, క్రైస్తవం వదిలి వేదాంతానికి వచ్చాడన్నది, మనవాళ్లకు ఇష్టమైన మాట, అందుకే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. టావెనర్ 2000 తరవాత ఇతర మతాల వైపు చూసిన మాట నిజం. 2003లో లండన్ టెంపుల్ చర్చిలో ‘ద వీల్ ఆఫ్ ద టెంపుల్’ రాత్రంతా, ఏడు గంటలపాటు పాడారు. గ్రీకు, స్లావోనిక్, ఆరమాయిక్, ఇంగ్లీషు, సంస్కృతం అన్నీ అందులో వినిపిస్తాయి, తెల్లవారుజామున ఉపనిషత్తుల మాట వస్తుంది. ‘ద బ్యూటిఫుల్ నేమ్స్’ అల్లా తొంభైతొమ్మిది నామాలను అరబిక్‌లో పాడుతుంది, 2007లో వెస్ట్‌మినిస్టర్ కథీడ్రల్‌లో వినిపించారు. 2009 నాటి ‘టువర్డ్స్ సైలెన్స్’ నాలుగు స్ట్రింగ్ క్వార్టెట్లకూ ఒక టిబెటన్ గిన్నెకూ రాసింది. దాని నాలుగు భాగాలూ మాండూక్యంలోని నాలుగు అవస్థలు: వైశ్వానర, తైజస, ప్రాజ్ఞ, తురీయ.

ఇది చూసి ‘ఆయన మనవాడైపోయాడు’ అనడం తొందరపాటు. ఆయనకు వేదాంతం అందింది రెనే గెనోన్ అనే ఫ్రెంచి రచయిత పుస్తకం ద్వారా. వేదాంతం మీద 1925లో పుస్తకం వెలువరించిన గెనోన్ కైరోలో ముస్లింగా బతికి అక్కడే చనిపోయాడు. మరో ప్రభావం స్విట్జర్లాండులో పుట్టిన ఫ్రిట్యోఫ్ షువోన్‌ది. మతాలన్నిటి వేరూ ఒక్కటే అన్నది వీళ్ల వాదం. టావెనర్ పట్టుకున్నది ఆ వాదాన్ని. అందులో ఉపనిషత్తుకు పెద్ద పీట ఉంది, దాని పక్కనే సూఫీకి, ఆర్థడాక్స్ సాధువుకి కూడా ఉంది. దాన్ని మన మతం గెలుపుగా చాటుకుంటే ఆయన వెతికినదాన్నీ, మాండూక్యాన్నీ కూడా చిన్నవి చేసినట్టే.

ఈ చివరి దశ మీద నాకు విమర్శ ఉంది, దాచను. ‘ద బ్యూటిఫుల్ నేమ్స్’లో ఐసన్ లాంటి ఒక్క నియమం కిందికి అంతా వచ్చే పట్టు సడలింది. పేరు వెంట పేరు, వాద్యం వెంట వాద్యం వచ్చిపడుతుంటాయి. కలగలుపు అనే ఆరోపణకు కాస్తో కూస్తో ఆధారం ఉన్నది ఇక్కడే. ఆ ఆరోపణ చేసేవాళ్లు ఈ రచన పేరు చెప్పి చేస్తే నేనూ వాళ్లతో కూర్చుని మాట్లాడతాను. 1977 నుంచి పాతికేళ్ల కృషి మీద దాన్ని రుద్దితే మాత్రం ఒప్పుకోను.

మతం వదిలాడన్న మాటకు నా వాదన అక్కర్లేదు. టావెనర్ 2013 నవంబర్ 12న డార్సెట్‌లో తన ఇంట్లో చనిపోయాడు. నవంబర్ 28న వించెస్టర్ కథీడ్రల్‌లో అంత్యక్రియలు జరిగాయి. అది ఆంగ్లికన్ కథీడ్రల్, ఆయన పాటలు ఎన్నో పాడిన కోయర్ అక్కడిదే. ఆరాధన మాత్రం ఆర్థడాక్స్ విధి ప్రకారం నడిచింది, నడిపించింది ఆర్చిబిషప్ గ్రెగోరియోస్. ఇకమీదట టావెనర్ గురించి తెలుగులో రాసేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని రాయాలి, ‘ద ల్యాంబ్’ ఒక్కసారైనా స్వరాలు రాసుకుని విని రాయాలి.